నేను కలిపిన ఒక్క వాక్యం

ఇది ఒక మహాకావ్యం. ఇందులో నీళ్లు రెండుగా చీలతాయి, జనసమూహం నిశ్శబ్దమవుతుంది, ఒక పాపి మోకాళ్ల మీద పడతాడు. అలా మొదలుపెడదామని చాలా రోజులుగా అనుకుంటున్నాను. కానీ ఆ నీళ్లు కొల్లేటి చేపల చెరువులవి, గట్లు వేసినప్పుడే చీలిపోయి ఉన్నాయి. జనసమూహం అరవై మంది, చిన్నపిల్లల్ని కలుపుకొని. పాపి మోకాళ్ల మీద పడిన మాట నిజమే. గట్టు జారుడుగా ఉంది మరి.

నిన్న సాయంత్రం ఏలూరులో సువార్త కూటాల పందిట్లో కూర్చుని ఉంటే, సౌండు సిస్టం ఆయన మైకు ఆన్ చేయగానే అది చెవులు కోసినట్టు కీచుమంది. వానకి తడిసిన షామియానా గుడ్డ వాసన, ప్లాస్టిక్ కుర్చీలు ఈడ్చే చప్పుడు, వాటి మీదుగా ఆ కీచు. చుట్టుపక్కల వాళ్లంతా చెవులు మూసుకున్నారు. నేను మాత్రం సలోమి సిస్టరుగారు వెనక వరసలో కూర్చుని చూస్తున్నట్టు నిటారుగా సర్దుకున్నాను. ఆవిడ పోయి ఏడాది దాటింది. అయినా మైకు కీచుమంటే నా నడుముకి ఆ సంగతి గుర్తుండదు.

తాడేపల్లిగూడెంలో మా సంఘమంతా ఆవిడని సిస్టరుగారనే పిలిచేవారు. సర్కారు ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. రైల్వే గేటుకి అవతల రెండు గదుల ఇంట్లో ఉంటూ, ఆదివారం పిల్లలకి బైబిలు వాక్యం చెప్పేవారు. ఆరేళ్లు నేనూ ఆ చాప మీద కూర్చున్నవాణ్ణే. మా దగ్గర పరిశుద్ధాత్మ నడిపింపు గురించి మాట్లాడని మనిషి ఉండడు. ఒకాయనకి ఆత్మ స్థలం కొనమని చెప్పింది, అదీ రోడ్డు పక్క బిట్టే. ఇంకొకాయనకి ఫలానా అమ్మాయిని చేసుకోమని చెప్పింది. ఆ కబురు అమ్మాయికి మాత్రం అందలేదు. ఇంతమంది మధ్య సిస్టరుగారు ఒక్కసారైనా "ప్రభువు నాతో చెప్పాడు" అనగా నేను వినలేదు. నిజంగా ఎవరినైనా ఆత్మ నడిపిస్తుంటే అది ఆవిడనే అని అందరికీ తెలుసు. ఆవిడకే తెలియదు.

డిగ్రీ రెండో ఏడు పరీక్షల ముందు నేను వెళ్లి, స్టాటిస్టిక్స్ పేపరు రాయొద్దని ఆత్మ నన్ను ప్రేరేపిస్తోందండీ అన్నాను. ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. తలెత్తలేదు.

"తెలుగు పేపరు సంగతేవన్నా చెప్పాడా నాయనా?"

"లేదండి."

"ఇంగ్లీషు?"

"అదీ లేదండి."

"అంటే ఆయనకి స్టాటిస్టిక్స్ మీదే కోపమన్నమాట. ఇదిగో, ఈ సగం నువ్వు ఒలువు."

కాయలు ఒలుస్తుండగా ఆవిడ తన పద్ధతి చెప్పారు. ఆ తర్వాత ఎంతో మందివి పెద్ద పెద్ద ప్రసంగాలు విన్నాను, తర్జుమా కూడా చేశాను. అంత ఉపయోగపడిన మాట ఇంకొకటి దొరకలేదు. "లోపల ఏదో వినపడుద్ది, అందరికీ వినపడుద్ది. నాకు లాభం ఉన్న మాటయితే మూడు రోజులు ఆగుతాను. సాధారణంగా మూడో రోజుకి అది నా గొంతేనని తెలిసిపోద్ది. నాకు నష్టం ఉన్న మాటయితే మాత్రం ఆగను, ఆ పూటే బయల్దేరతాను. ఎందుకంటే నాకు నష్టం కలిగే సలహా నేనెప్పుడూ నాకిచ్చుకోను కదా."

ఉత్త మాటలు కావు. వీధి కుళాయి దగ్గర పక్కింటావిడతో మాటామాటా అనుకున్న రోజు, కుక్కరు దింపి అలాగే వెళ్లి క్షమించమని అడిగి వచ్చారు. ఆవిడ కరిగిపోయి కన్నీళ్లు పెట్టుకున్నారా అని ఆశగా అడిగాను. అబ్బే, తలుపు కూడా సగమే తీసిందన్నారు. ఆ సగం తలుపుతోనే సిస్టరుగారి మనసు తేలికపడింది. నాకది అప్పట్లో అర్థం కాలేదు, నష్టంలా కనిపించింది.

స్టాటిస్టిక్స్ పాసయ్యాను. ఇంగ్లీషు కాస్త వచ్చు, నోరు అంతకంటే బాగా వచ్చు. అందుకని బయటి రాష్ట్రాల ప్రసంగీకులు వచ్చినప్పుడల్లా తర్జుమాకి నన్ను పిలిచేవారు. తర్జుమా చేసేవాడి సుఖం ఏమిటంటే, ఆలోచన ఆయనది, చప్పట్లు మనవి. ఆయన ఒక మాటంటే నేను ఒకటిన్నర చేసేవాణ్ణి. జనానికి ఆ అదనపు సగమే నచ్చేది.

నాలుగైదేళ్ల కిందట ఆకివీడు అవతల కొల్లేటి పల్లెలో రెండు రోజులు కూటాలు పెట్టారు. మా సంఘం నుంచి వ్యాన్ వేసుకుని వెళ్లాం, సిస్టరుగారూ వచ్చారు. చివరి ప్రార్థనలో ప్రసంగీకుడు కళ్లు మూసుకుని, ఇక్కడ ఛాతీలో జబ్బుతో ఉన్న ఒక సోదరి ఉంది, అమ్మా భయపడకు, దేవుడు నిన్ను మరువలేదు అన్నాడు. అంతే అన్నాడు. నేను అదంతా చెప్పి, పందిరి మరీ చప్పగా ఉన్నట్టనిపించి, "ఇక నీకు ఆ మందులతో పనిలేదు" అని కలిపాను. పందిరి లేచిపోయినంత స్తోత్రం వినిపించింది. నేను మైకు కొంచెం దూరం పెట్టుకుని వినయంగా నిలబడ్డాను.

వ్యాన్‌లో సిస్టరుగారు నా పక్కన కూర్చుని, ఆ చివరి మాట ఆయన అనలేదు కదా నాయనా అన్నారు. సర్కారు ఉద్యోగానికి ముందు మిషను డాక్టర్ల దగ్గర పనిచేసిన మనిషి, ఇంగ్లీషు నాకంటే బాగా అర్థమవుతుందని నేను మర్చిపోయాను. ఆత్మావేశంలో వచ్చేసిందండీ అని నవ్వేశాను. ఆవిడ నవ్వలేదు.

పది రోజుల తర్వాత, పొద్దున్నే మా ఇంటికి వచ్చి చెప్పులేసుకోమన్నారు.

"ఎక్కడికండీ?"

"ఆ పల్లెకి. రెండో వరసలో కొంగు అడ్డంపెట్టుకుని దగ్గినావిడ ఎవరో కనుక్కోవాలి."

ఆత్మ చెప్పిందా అండీ అని అడిగాను, వెటకారం పూర్తిగా వదలకుండానే.

"ఏమో నాయనా. ఆ దగ్గు నా చెవిలోంచి పోవట్లేదు. ఆ రోజే వెనక్కి తిరగాల్సింది. కూటాలకి చెడ్డపేరొస్తుందని ఊరుకున్నాను. నీ తప్పు ఒక్క నిమిషం, నాది పది రోజులు."

రెండు బస్సులు మారి ఆకివీడు చేరాం. అక్కడి నుంచి చేపల మేత బస్తాలతో పాటు ఆటోలో. దగ్గినావిడ పేరు దీనమ్మ అని పల్లె మొదట్లోనే తెలిసిపోయింది, ఎందుకంటే అప్పటికే ఆవిడ ప్రసిద్ధురాలు. టీబీకి మందు వాడుతోంది. రోజూ అంగన్‌వాడీ టీచరు ఎదుట మాత్రలు మింగాలి. కూటాలు అయిన మరునాడే ఆ మాత్రలు మానేసి, ఆదివారం సంఘంలో నిలబడి, తనకి స్వస్థత వచ్చిందని సాక్ష్యం చెప్పింది. టీచరు రెండుసార్లు ఇంటికి వచ్చి బతిమాలితే, దేవుడి మాటకి ఎదురు చెప్పొద్దని పంపించేసింది. ఈ సంగతి చెప్పింది ఆ టీచరే. మధ్యలో ఆపితే జబ్బు ముదురుతుందనీ, తర్వాత అవే మాత్రలు పనిచేయకపోవచ్చుననీ, అదే ఇంట్లో చంటిపిల్ల ఉందనీ కూడా చెప్పింది. అక్కడి నుంచి దీనమ్మ ఇంటికి గట్టు మీదుగా వెళ్తుంటేనే నేను జారి మోకాళ్ల మీద పడ్డాను. జోకు వేద్దామంటే నోట్లో ఏమీ లేదు.

దీనమ్మ నన్ను గుర్తుపట్టి సంతోషంగా నులకమంచం వాల్చింది. చేపల ప్యాకింగు షెడ్డులో పనిచేసే మనిషి, ముప్ఫై దాటి ఉండవు, మెడ ఎముకలు బయటికి వచ్చి ఉన్నాయి. కాస్త సుతిమెత్తగా మొదలుపెడదామని, తర్జుమాలో కొన్నిసార్లు అర్థం అటూ ఇటూ అవుతుందండీ అన్నాను. సిస్టరుగారు నా వైపు చూశారు, అంతే. మళ్లీ మొదలుపెట్టాను.

"ఆ మందుల మాట ఆయన అనలేదండి. నేనే కలిపాను. దేవుడు నాతో ఏమీ చెప్పలేదు."

దీనమ్మ చంటిపిల్లని ఒళ్లో సర్దుకుంది. కోప్పడుతుందనుకున్నాను. ఆవిడ భయం వేరే ఉంది.

"మరి నేను సాక్ష్యం చెప్పేశాను కద బాబూ. ఇప్పుడు మళ్లీ మింగితే అవిశ్వాసురాలినంటారు."

సిస్టరుగారు గ్లాసుడు నీళ్లు అడిగారు. సంచీలోంచి చిన్న డబ్బా తీసి, ఒక మాత్ర నోట్లో వేసుకుని మింగారు. "ఇది బీపీకమ్మా. నలభై ఏళ్లుగా నేను విశ్వాసినే. వేసుకునేముందు ప్రార్థన కూడా చేసుకుంటాను, గొంతులో అడ్డంపడకుండా." దీనమ్మ మొదటిసారి నవ్వింది. నవ్వు దగ్గయింది. అది తగ్గేదాకా సిస్టరుగారు ఆవిడ వీపు నిమురుతూ, పది రోజులు ఆలస్యం చేసినందుకు తనని క్షమించమని అడిగారు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. తిరుగు ఆటోలో సిస్టరుగారు, మైకులో అన్నమాట మైకులోనే సరిచేయాలి నాయనా, లేకపోతే ఆ పిల్ల ఒక్కతే తలొంచుకోవాల్సి వస్తుంది అన్నారు. ఆదివారం ఆ పల్లె సంఘంలో నిలబడ్డాను. అక్కడి పాస్టరుగారికి ఇష్టం లేదు, అయినా సిస్టరుగారి ముఖం చూసి మైకు ఇచ్చారు. నేను కలిపిన వాక్యం ఏమిటో, ఎందుకు కలిపానో, చప్పట్ల కోసమే కలిపానని కూడా చెప్పాను. అరవై మందీ ఊపిరి బిగబట్టారు. వెనక నుంచి ఒక ముసలాయన, ఇంకెన్ని కలిపావయ్యా అని మర్యాదగానే అడిగాడు. రెండు మూడు ఉంటాయండి అన్నాను. ఎవరూ నవ్వలేదు. నా జీవితంలో నేను నోరు తెరిస్తే ఎవరూ నవ్వని సభ అదే మొదటిది. బయటికి వస్తుంటే గుండె దూదిలా ఉంది. సగం తెరిచిన తలుపు నుంచి సిస్టరుగారు తేలిగ్గా ఎలా తిరిగొచ్చారో అప్పుడు అర్థమైంది.

మరునాడే అంగన్‌వాడీ టీచరు దీనమ్మని ఏలూరు ఆస్పత్రికి తీసుకెళ్లింది. మళ్లీ కఫం పరీక్ష చేసి, మందు గడువు పెంచారు. చివరిదాకా వాడింది. తగ్గింది. ఆవిడ మళ్లీ సాక్ష్యం చెప్పిందట, ఈసారి అంగన్‌వాడీ టీచరుకి కూడా వందనాలు చెబుతూ.

సిస్టరుగారు పోయినప్పుడు ఏదో దర్శనం చూసి ఉంటారని సంఘమంతా ఎదురుచూసింది. చివరిగా ఏమన్నారని పక్కింటావిడని అడిగితే, గ్యాసు బండ వచ్చిందేమో చూడమన్నారని చెప్పింది. నేను ఇప్పటికీ తర్జుమా చేస్తున్నాను. ఆయన ఒకటంటే ఒకటే చెబుతాను. తర్జుమాలో మునుపటి ఊపు లేదని పెద్దలు బాధపడుతుంటారు. నాకు లాభం ఉన్న ఆలోచన వస్తే మూడు రోజులు ఆగుతాను. ఇంతవరకు ఒక్కటీ నాలుగో రోజు చూడలేదు.

మా వీధిలో ఇద్దరికి టీబీ మాత్రలు ఇచ్చే పని ఇప్పుడు నాది. ఎవరికైనా మొదటిరోజే చెప్పాల్సిన సంగతి ఒకటుంది: ఆ మాత్రలు వేసుకుంటే మూత్రం ఎర్రగా వస్తుంది, కంగారుపడనక్కర్లేదు.