పందొమ్మిది గజాల గుడ్డ

నా బరువు ఎవరు అడిగినా అరవై అయిదు అనే చెప్పేవాణ్ణి. ఇంటర్ చదివే రోజుల్లో మంచాల అనే ఊళ్లో అరవై అయిదు కిలోల లోపు కబడ్డీ జట్టులో ఆడాను. పోటీకి ముందురోజు అన్నం మానేసి, ఎండలో స్వెట్టర్ వేసుకుని పరుగెత్తి, పెదవులు ఎండిపోయాక కాంటా ఎక్కేవాళ్లం. ముల్లు ఆ గీత దాటకపోతే మా అంత మొనగాళ్లు లేరు. తరవాత మాదాపూర్‌లో కంప్యూటర్ ఉద్యోగం వచ్చింది, రెండు పూటలా క్యాబ్‌లో కూర్చోవడం వచ్చింది, శుక్రవారం బిర్యానీలు వచ్చాయి. ప్యాంటు సైజులు మార్చుకుంటూ పోయాను గానీ ఆ అంకెను మాత్రం మార్చుకోలేదు. ఒక వయసులో మనల్ని మెచ్చుకున్న అంకెను వదులుకోవడం అంత తేలిక కాదు.

ఆఫీసులో నలుగురం కలిసి పారాచూట్‌తో దూకడం నేర్చుకోవడానికి పోయాం. అది వేరే రాష్ట్రంలో, రైలుకు ఒక రోజు ప్రయాణం. మిగతా ముగ్గురూ సరదా తీరాక మానేశారు. నేను సెలవు దొరికినప్పుడల్లా వెళ్లి పాతిక సార్లు దూకాను. నేర్చుకునేవాళ్లకు వాళ్లే పే...ద్ద పారాచూట్ గుడ్డ ఇస్తారు. అది ముసలమ్మను మెట్లు దింపినట్టు మనిషిని మెల్లగా దింపుతుంది. శిక్షణ అయ్యాక ఎవరి కొలత వాళ్లు ఎంచుకోవాలి. ఆ రోజుల్లో మా హైదరాబాద్ చుట్టుపక్కల ఎవడి ప్లాటు పెద్దదైతే వాడు గొప్ప. అక్కడ తలకిందులు, ఎవడి గుడ్డ చిన్నదైతే వాడు గొప్ప. చిన్న గుడ్డ వేగంగా పోతుంది, చెప్పినట్టు తిరుగుతుంది. నేల మీదికి కూడా అంతే వేగంగా తెస్తుంది. ఆ చివరి మాటను ఎవరూ గట్టిగా అనరు.

కొత్తవాళ్లకు ఒక లెక్క ఉంది. మనిషీ, ఒంటి మీది సామానూ కలిపి ఎన్ని పౌండ్లుంటే, గుడ్డ కనీసం అన్ని చదరపు అడుగులు ఉండాలి. నాకంటే ముందు నేర్చుకున్న ఒకతను తన దగ్గరున్న నూట డెబ్బై అడుగుల నీలం గుడ్డను కొన్నాళ్లు వాడుకోమన్నాడు. మాకు నేర్పే ఆయన, సైన్యంలో చేసి వచ్చిన మనిషి, నా బరువెంతని ఫోన్‌లో అడిగాడు. నా నోరు దానంతట అదే అరవై అయిదు అంది. సామాను పన్నెండు కిలోలు. మొత్తం డెబ్బై ఏడు, అంటే నూట డెబ్బై పౌండ్లు. సరిపోతుంది అన్నాడాయన. లెక్క అంత చక్కగా కుదిరేసరికి అబద్ధమాడినట్టు కూడా అనిపించలేదు.

మా ఇల్లు ఇబ్రహీంపట్నంలో. బాపు భూములు కొలిచేవాళ్ల దగ్గర ముప్పై ఏళ్లుగా టేపు పట్టేవాడు. సాగర్ రోడ్డు పొడుగునా వెంచర్ల జెండాలు లేచిన ఆ కాలంలో ఆయనకు ఊపిరాడే తీరిక లేదు. టేపు కొంచెం వదులుగా పడితే కొలత ఎక్కువ వస్తుంది, ప్లాటు అమ్మేవాడికి సంతోషం. బాపు బిగించి పట్టేవాడు. అందుకే రెండు చోట్ల ఆయన్ని మళ్లీ పనికి పిలవలేదు. దాని గురించి గొప్పలు చెప్పుకోవడం కూడా ఆయనకు రాదు. "వదులుగ పడితె నా చెయ్యి గుంజుతది" అనేవాడు.

ఒక ఆదివారం పొద్దున చాయ్ తాగుతూ నీలం గుడ్డ సంగతి చెప్పాను.

"నూట డెబ్బై అడుగులంటే పందొమ్మిది గజాలు గాదుర" అని బాపు లేచి, వాకిట్లో పది అడుగులకు పదిహేడు అడుగులు కొలిచి, సున్నంతో గీతలు గీశాడు. అమ్మ బియ్యం చాటతో బయటకు వచ్చి చూసింది.

"గింత గుడ్డనా నిన్ను ఆపేది? ఒక్క కారు పెడ్తె నిండుతది. వద్దు బిడ్డా, ఇగ పోకు" అంది.

నేను పౌండ్లూ అడుగులూ వివరించాను. బాపు శ్రద్ధగా విన్నాడు.

"మరి నీ బరువు ఎవరు తూచిన్రు?"

"వాళ్లే తూచిన్రు బాపూ."

అమ్మ ముందు ఆ మాట అక్కడితో తెగిపోవాలని అనేశాను. ఆఫీసరు కాగితం చూపించినా తను ఇంకోసారి కొలవందే ఊరుకోని మనిషి, నా మాటకు తలూపి టేపు చుట్టేశాడు. "తూచినంకనే ఇచ్చిన్రంట, నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నాడు అమ్మతో. అమ్మ చాట పట్టుకుని లోపలికి పోయింది. నన్ను నమ్మి కాదు, ఆయన్ని నమ్మి.

ఆ వారమంతా నాకు తిండి సహించలేదు. చస్తానని భయం కాదు, సిగ్గు. బాపు నన్ను నాలుగు తిట్టి, కాంటా ఎక్కించి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

మైదానానికి చేరాక, నీలం గుడ్డ మడిచిన సంచి భుజాలకు తగిలించుకోబోతూ, నన్ను ఒకసారి తూచమని నేర్పే ఆయన్ని అడిగాను. చుట్టూ నలుగురైదుగురు ఉన్నారు. డెబ్బై ఎనిమిది వచ్చింది. ఎవడో నవ్వాడు. ఆయన కాగితం మీద లెక్క వేశాడు. సామానుతో కలిపి తొంభై కిలోలు, దాదాపు రెండు వందల పౌండ్లు. తిట్టలేదు. నీలం సంచి పక్కన పెట్టించి, రెండు వందల పది అడుగుల గుడ్డ తెప్పించాడు. దానితోనే దూకాను.

నేల దగ్గరికి రాగానే రెండు చేతుల్లోని పట్టీలను ఒక్కసారి కిందికి గుంజాలి. అప్పుడు వేగం తగ్గి పాదాలు మెత్తగా ఆనుతాయి. ముందే గుంజితే గాలిలో ఆగినట్టే ఆగి దబ్బున పడతాం. నేను ముందే గుంజాను. మోకాళ్ల మీద పడి, తరవాత మొహం మీద పడ్డాను. నోటినిండా మట్టి, ఒక మోకాలు చీరుకుపోయింది. కానీ లేచి నిలబడగలిగాను. నేర్పే ఆయన వచ్చి నా కాళ్లు తడిమి చూశాడు. ఆ నీలం గుడ్డతో ఇదే తప్పు చేసుంటే నిన్ను మోసుకుపోవాల్సి వచ్చేదని హిందీలో నెమ్మదిగా అన్నాడు. 

కాస్త కుదురుకున్నాక ఇంటికి ఫోన్ చేశాను.

"దిగిన బాపూ."

"దెబ్బ తాకిందా?"

"జర మోకాలికి తాకింది, అంతే. బాపూ, మొన్న వాళ్లు తూచలే. నేనే నోటికొచ్చింది చెప్పిన, పదమూడు కిలోలు తక్కువ చెప్పిన. ఇయ్యాల తూపించుకొని పెద్ద గుడ్డ తీసుకున్న."



"తూచిన్రని మీ అమ్మకు నేను చెప్పిన" అన్నాడు బాపు. "నా నోటితోటి చెప్పిన."

"తప్పయింది బాపూ."

"నాకు గాదు. ఆమె లోపట ఉన్నది, పిలుస్త. నువ్వే చెప్పు."

ఫోన్ చేతులు మారింది.

"దిగినవా బిడ్డా?" అంది అమ్మ. తూచి ఇచ్చారన్న ధీమా ఆ గొంతులో ఇంకా అట్లాగే ఉంది.