చెంబక్క వెతికిన రెండో కొలత

నిన్న మధ్యాహ్నం సరిత నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తగానే గద్దించాను. "ఏమ్మా, స్కాన్‌కు వెళ్లావా లేదా?"

అవతల సరిత కాదు. ఆమె అత్త మోతీబాయి.

"అవ్వా, పిల్ల పోయింది. కడుపుల బిడ్డ గూడ పోయింది."

ఫోన్ ఎప్పుడు పెట్టేశానో కూడా తెలియదు.

తెలియని వాళ్లకు చెబుతున్నాను. సరిత బీర్కూర్ వైపు తండా కోడలు. ఉద్యోగం కోసం బాన్సువాడలో మా మేడమీద గదిలో కిరాయికి ఉండేది. కాన్పుల్లో తల్లులు ఎందుకు చనిపోతున్నారో తెలుసుకునే ఒక మెడికల్ స్టడీ కోసం ఊరూరా తిరిగి వివరాలు సేకరించేది.

"రక్తం ఎంత పోయింది?" అంటే ప్రతి బాలింతా "కొంచమే" అనేదట. ముసలమ్మలైతే "చెడు రక్తం, పోతేనే మంచిది" అనేవారట. ఎంత పోతే ప్రమాదమో చూపడానికి ఇంట్లో ఉండే వస్తువేదైనా చూడమని డాక్టర్లు అన్నారు.

సరిత నా వంటింట్లోకి వచ్చి స్టీలు చెంబు తీసింది.

అర లీటరు పడుతుందో లేదో నేనే కొలిచాను. సరిగ్గా పట్టింది. నీళ్లలో కుంకుమ కలిపి, నా పాత నూలు చీర వరండాలో పరిచి, చెంబెడూ కుమ్మరించింది.

నేను లెక్కల టీచర్‌ని. అర లీటరంటే ఎంతో పిల్లలకు నేర్పినదాన్ని. అది గుడ్డ మీద అంత దూరం పాకుతుందని ఆ రోజే చూశాను.

"చీర ఉతికి ఇవ్వాలి," అన్నాను.

"ఎర్రగనే ఉండనియ్యవ్వా, రేపు మల్ల గిదే పని," అని నవ్వింది.

ఆ తర్వాత రోజూ చెంబుతోనే బస్సెక్కేది.

"పొద్దుపొద్దున చెంబు పట్టుకొని ఎటు పోతున్నవ్ చెల్లె?" అని కండక్టర్ ఆటపట్టించాడట.

"నీ పెండ్లాం నీళ్లాడే రోజు చెప్త తియ్యన్నా," అందట.

తండాల్లో ఆమె పేరు చెంబక్క అయిపోయింది. చెంబెడు రక్తం పోతే ఆగొద్దు, దవాఖానకు పోవాలె. ఈ ఒక్క మాట అందరి బుర్రలో నాటింది. మోతీబాయి బుర్రలో కూడా.

పోయిన నెల సరిత మా మెట్ల మీద కూర్చొని అంది. "అవ్వా, కొందరికి రక్తం బయటికి రాదు. లోపట్నే పోతది. గదానికి చెంబు పనికిరాదు. ఇంట్ల సామాన్లనే వేరేది ఏదన్న దొరకాలె."

అప్పటికి తనకే ఏడో నెల.

దొరకలేదు. ఆ పాఠం ఎవరికీ చెప్పనేలేదు.

సెలవు మీద అత్తింటికి వెళ్లిన సరితకు నిన్న పొద్దున తండాలో నొప్పి మొదలైంది. మోతీబాయి బట్ట చూసింది. పొడిగా ఉంది.

"ఫికర్ చెయ్యకు బిడ్డా. నువ్వే చెప్తివి గద, చెంబు నిండితెనే భయమని."

"గట్ల గాదత్తా. కడుపు రోలు లెక్క అయింది. పట్టి చూడు. బండి పిలువు."

మోతీబాయి మళ్లీ బట్టే చూసింది. జీలకర్ర నీళ్లు కాచి ఇచ్చింది. బండి పిలిచేసరికి ఆలస్యమైంది. నిజామాబాద్ తీసుకువెళ్తుంటే దారిలో వర్ని ఊరు దాటాక సరిత మాట ఆగిపోయింది.

మాయ కాన్పుకు ముందే విడిపోయి, రక్తమంతా లోపలే నిండిందని డాక్టర్లు చెప్పారు.

రాత్రి నుంచి ఈ గ్రూపులో మనవాళ్లే మెసేజ్‌లు పెడుతున్నారు. "ఆ అత్తే చంపింది" అని.

ఆపండి.

ఈ పొద్దున తండాకు వెళ్లి వచ్చాను. జరిగిందంతా మోతీబాయే నాకు చెప్పింది, ఏదీ దాచకుండా. ఆ చెంబు ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదు. ఆమె కోడలి మాట పెడచెవిన పెట్టిన మనిషి కాదు. కోడలు నేర్పిన మాటను గట్టిగా పట్టుకున్న మనిషి. నేర్పని పాఠానికి ఆమెను దోషిని చేయకండి.

సరిత వెతికింది చివరికి దొరికింది. ఆమె నోటి నుంచే వచ్చింది.

రోలు.

గర్భిణి ఉన్న ప్రతి ఇంట్లో చెప్పండి. కడుపు రోలులా గట్టిపడి, నొప్పి వదలకపోతే బట్ట చూడకండి. బండి పిలవండి.

సరితా, నా చీర మరకలతోనే మేడమీద దండెం మీద ఉంది. ఉతికి ఇమ్మని ఇక అడగను.

బిడ్డను పక్కలో వేసుకొని నిమ్మళంగా నిద్రపో, తల్లీ.