పన్నెండింటికి లేపుమన్నడు

నాకు లారీ నడుపుడు నేర్పిన అన్నది రెంజల్ ఊరు. పదకొండేండ్లు ఒకే బండి మీద తిరిగినం. ఆయన నడిపితే నేను పండుకునేది, నేను నడిపితే ఆయన.

ఆ ఎండాకాలం బోధన్‌ల బియ్యం ఎక్కించుకొని సూరత్‌కు బయల్దేరినం. పొద్దుగాల నాందేడ్ దాటంగనే దాబా కాడ ఆపితే అన్న రొట్టె ముట్టలేదు.

"ఛాతిల మండుతున్నది తమ్మీ. గ్యాస్ కావచ్చు."

సోడా తాపిన. దవాఖానకు పోదామా అని అడిగిన గని గట్టిగ అడగలే. ఆలస్యమైతే బండి ఓనరు సేటు ఊకోడు.

"జర ఒరుగుత. పన్నెండింటికి లేపు," అని సీటు ఎనుక బల్ల మీద పండుకున్నడు.

గుంతల రోడ్డుకు బండి ఎగిరెగిరి పడ్డది. అన్న కదల్లేదు. "గింత మొద్దు నిద్రనా," అని నవ్విన. నా బిడ్డ ఇంటర్ పాసైన ముచ్చట చెప్పిన. ఆయన పండుకున్నా నేను మాట్లాడుకుంట నడిపేది అలవాటే.

పన్నెండింటికి పిలిచిన. పలకలే. ఇంకో గంట చూసిన. నాకు కండ్లు మూతలు పడుతున్నయ్. కోపమొచ్చి, చెయ్యి ఎనక్కి పెట్టి ఆయన కాలు గుంజిన. గుంజితే వచ్చింది, ఇడిస్తే పడ్డది.

బండి పక్కకు తీసి చూసిన. నోరు తెరిచే ఉన్నది. ఎన్ని ఊర్లు అట్లనే దాటినమో.

పోలీసులు వచ్చిండ్రు. మరాఠీల ఏందేందో అడిగిండ్రు. ఈయన నీకేమైతడని అడిగింది మాత్రం సమజైంది.

"మా అన్న," అని చెప్పిన.

"సొంతమా?"

కాదని చెప్పిన. కాయితం మీద అదే రాసుకున్నరు.

సేటుకు ఫోన్ చేస్తే, "ఆయన్ని అంబులెన్సుల ఊరికి పంపుత. నువ్వు సరుకు దించి రా," అన్నడు. సూరత్ పోనని చెప్పాల్సింది. చెప్పలే. అంబులెన్సు ఇంటి దిక్కు పోయింది, నేను సూరత్ దిక్కు పోయిన.

ఐదో రోజు రెంజల్ పోయిన. వదిన గోడకు ఒరిగి కూసున్నది.

"ఆఖరికి ఏమన్న అన్నడా తమ్మీ?"

ఛాతిల మంటన్నది, సోడా తాపింది, అన్నీ చెప్పిన.

"పొద్దుగాలనే చెప్పిండా?"

"చెప్పిండు వదినా."

"నాందేడ్‌ల దవాఖానలు లెవ్వా?"

ఆమె కొంగుతోని మొకం తుడుసుకున్నది.

"ఇగ మా ఇంటికి రాకు," అన్నది, మెల్లగనే.

మళ్ల పోలే. ఆమె అన్నదాంట్ల తప్పేం లేదు.