నార్మల్ అని నేను చెప్పిన రిపోర్టు

మా మాస్టారు పోయారు. పద్దెనిమిది రోజుల క్రితం పొద్దున వాళ్ళ ఊరు నల్లపాడు నుంచి ఫోన్ వచ్చింది. "నాన్న ప్రాణం తీసుకున్నాడక్కా" అని వాళ్ళమ్మాయి ఒక్క ముక్క చెప్పి పెట్టేసింది. గుంటూరులోని మా ల్యాబ్‌లో, చేతికి గ్లవుజులతో అలాగే నిలబడిపోయాను. ఎదురుగా రక్తం ఇవ్వడానికి కూర్చున్న మిర్చి యార్డు కూలీ, "ఏమైందమ్మా? మొహం అట్టా అయిపోయిందేంటి?" అని అడిగాడు.

నాకు రక్తం తీయడం నేర్పింది మాస్టారే. ఆయన టెక్నీషియన్‌గా ఉన్న ఈ ల్యాబ్‌లో చేరిన కొత్తలో, సూది గుచ్చడానికి నేను జంకుతుంటే తన చెయ్యే చాపి, "గుచ్చమ్మాయ్, నాకిది అలవాటే" అన్నారు. ఆయన చెప్పిన మొదటి పాఠం, "ముందు మొహం చూడు, తర్వాత నరం చూడు." ఎవరొచ్చినా "ఏం తిన్నావయ్యా?" అనేవారు. పరగడుపున వచ్చారో లేదో కనుక్కుంటున్నారని అనుకునేదాన్ని. కానీ తిండితో పనిలేని టెస్టులకి వచ్చినవాళ్ళనీ అలాగే అడిగేవారు.

అలవాటే అని ఎందుకన్నారో తర్వాత తెలిసింది. ఆయన కొన్ని నెలలు నేల మీద నిలిచేవారు కాదు, కొన్ని నెలలు మంచం దిగేవారు కాదు. మనసు అలా అటూ ఇటూ ఊగకుండా లిథియం మాత్రలు వాడేవారు. రక్తంలో అదెంత ఉందో చూపించుకోవడానికి మూడు నెలలకోసారి, పొద్దుటి మాత్ర వేసుకోకుండా చొక్కా జేబులో పెట్టుకుని వచ్చేవారు. రక్తం ఇచ్చాక ఎదురు కొట్లో టీ తాగి, మాత్ర మింగి వెళ్ళేవారు. రిటైరయ్యాక కూడా మా దగ్గరికే వచ్చేవారు.

ఇలాంటి జబ్బున్నవాళ్ళలో ఎవరి మనసు చావు మీదికి పోతుందో రక్తంలో ముందే తెలుస్తుందా అని ఒక డాక్టరుగారు నమూనాలు సేకరిస్తుంటే, మాస్టారు పిలవకుండానే వెళ్ళి ఇచ్చొచ్చారు. మాస్టారి అన్నగారూ ఇలాగే ప్రాణం తీసుకున్నారట. "నాకోసం కాదమ్మాయ్. రేపు నా కూతురికి చూపించడానికి ఏదో ఒక గుర్తు దొరకాలి. షుగరుకుంది, కామెర్లకుంది, దీనికెందుకుండదు?" అన్నారు. నేను తలూపాను.

చివరిసారి ఆయన వచ్చింది పోవడానికి తొమ్మిది రోజుల ముందు. మిర్చి సీజను, బయట బెంచీ నిండా జనం, ఘాటుకి ఒకటే తుమ్ములు. నేను నరమే చూశాను. "అమ్మాయ్, నీతో కాస్త మాట్లాడాలి" అన్నారు. "రిపోర్టు రానివ్వండి మాస్టారూ, చూసి మాట్లాడుకుందాం" అన్నాను. మా వృత్తివాళ్ళకి ఇదో తెగులు, కాగితం చేతికొచ్చేదాకా మనిషి మాట చెవికెక్కదు. సాయంత్రం నేనే ఫోన్ చేసి, "అంతా నార్మల్ మాస్టారూ" అన్నాను. "మంచిదమ్మా" అన్నారు. ఏం మాట్లాడాలనుకున్నారో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను.

పెద్దకర్మ అయ్యాక ఆ డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాను. "ఇంకా ఏదీ తేలలేదమ్మా. ఒకచోట కనిపించింది ఇంకోచోట కనిపించడం లేదు. ఒక మనిషి రక్తం చూసి ఇదీ అని చెప్పే టెస్టు ఇప్పటికైతే లేదు" అన్నారాయన. మాస్టారి నమూనా ఫ్రీజర్లోనే ఉందట.

నిన్న వాళ్ళమ్మాయి ల్యాబ్‌కి వచ్చింది. డిగ్రీ చదువుతోంది. సంచిలోంచి ఆ రిపోర్టు తీసి నా ముందు పెట్టింది.

"ఇందులో ఏమీ కనపళ్ళేదా అక్కా?"

"లేదమ్మా. ఒంట్లో మందెంత ఉందో అదొక్కటే చెబుతుంది."

రిపోర్టు మడిచి సంచిలో పెట్టేసుకుంది. తర్వాత కుర్చీలో కూర్చుని చెయ్యి చాపింది. "నాక్కూడా తీసి చూడండి."

ఈసారి ముందు మొహం చూశాను. "ఏం తిన్నావమ్మా?" అన్నాను.

"నాన్న కూడా ఇట్టాగే అడిగేవాడు" అంది. తిన్నదేమిటో చెప్పలేదు.

స్లిప్పు మీద ఆ అమ్మాయి పేరు రాశాను. పక్కన ఏ టెస్టని రాయాలో తెలియలేదు. తను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. మోచేతి మడతలో, మాస్టారికి ఉన్నచోటే, నరం పైకి తేలి కనిపిస్తోంది.