ఈశాన్యానికి ఒరిగిన చంద్రనౌక

మొన్న నరసరావుపేట బస్టాండులో మాచర్ల బస్సు కోసం నిలబడితే ఎదురుగా ఒక ఫ్లెక్సీ కనిపించింది. మా బావగారి ఇంజనీరింగ్ కాలేజీ అడ్మిషన్ల ఫ్లెక్సీ. మా బావగారంటే మా ఆయనకు అన్నగారు, ఆ కాలేజీకి ఛైర్మన్. చంద్రుడు ఒక మూల నిమ్మకాయంత ఉన్నాడు, చేతులు జోడించిన మా బావగారు మాత్రం మిగతా అంతా ఉన్నారు. కింద 'మన పల్నాడులో మన అంతరిక్ష నౌక' అని రాసి, ఒక తెల్లని క్యాబిన్ ఫోటో వేశారు. నాకు నవ్వాగలేదు. పక్కనున్నావిడ నన్ను అదోలా చూసి సంచీ తీసుకుని అవతలికి జరిగింది. పాపం, ఆ నౌక సంగతి ఆవిడకేం తెలుసు?

మా బావగారికి చదువంటే మహా భక్తి. భక్తి ఉన్నచోట పరిచయం అక్కర్లేదు కదా. అంతకుముందు ఆయనకు పత్తి మిల్లు ఉండేది. అది మూలపడ్డాక ఆ షెడ్లకే రంగులు వేయించి కాలేజీ అన్నారు. టీవీలో చంద్రుడి మీద నౌక దిగడం చూసిన మర్నాడే 'మనం కూడా దిగాల్సిందే' అని తీర్మానించారు. నిజం నౌక కాదులెండి, లోపల కూర్చుంటే చంద్రుడి మీద దిగుతున్నట్టే ఉండే సిమ్యులేటర్. దాన్ని చేసే పని మా అక్క కూతురి మీద పెట్టారు. అది అక్కడే తాత్కాలిక లెక్చరర్. తనిఖీ వాళ్ళొచ్చి చూసిన రోజున నౌక చక్కగా దిగితే దాని ఉద్యోగం పర్మినెంట్, లేకపోతే ఇంటికే. ఆ ల్యాబు మీద బావగారి అల్లుడికి ముందునుంచే కన్నుంది.

పిల్ల వేసవంతా ఆ ల్యాబులోనే ఉంది. నీళ్ళ ట్యాంకు ఫైబరుతో క్యాబిన్, పాత లారీ సీటు, చుట్టూ తెరలు, కింద క్యాబిన్‌ను ఊపే మోటార్లతో ఇనప స్టాండు. నౌకను తనంతట తాను దింపే గైడెన్స్ కంప్యూటర్ ఒకటి. క్యాబిన్ ఎటు ఒరిగిందో దానికి చెప్పడానికి సీటు కింద అగ్గిపెట్టెంత సెన్సర్. ఒరిగితే కంప్యూటర్ ఒరిగిన పక్క ఇంజన్ వెలిగించి నౌకను నిటారుగా నిలబెడుతుంది. గురజాలలో జీవితమంతా పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరైన దాన్ని, చూడ్డానికని వెళ్ళి నేనూ కొంగు దోపుకుని ఎక్కాను. చంద్రుడి మీద దిగినంత సుఖంగా నేను ఏనాడూ పల్లెవెలుగు బస్సు దిగలేదు.

ఆ తర్వాత నౌకను కొత్త హాల్లోకి మార్చారు. సిద్ధాంతిగారు వచ్చారు, పూజ చేశారు, గుమ్మడికాయ కొట్టారు. క్యాబిన్ గడపలో పెట్టిన నిమ్మకాయ దొర్లుకుంటూ పోయి లోపల ఒక మూలకు చేరింది. "ఈశాన్యానికే పోయింది, చానా శుభం" అన్నారు సిద్ధాంతిగారు. మా బావగారు ఆ నిమ్మకాయకే దణ్ణం పెట్టుకున్నారు. ఆ రోజునుంచి నౌక దిగితే ఒట్టు. బయలుదేరడమే ఒక పక్కకు లాక్కుపోవడం, ఇంధనమంతా ఊదేసుకోవడం, తెర మీద ఎర్రక్షరాలు, ఢామ్మని పడటం.

"ఏందమ్మా ఇది? ఆడపిల్ల చేతిలో పెడితే ఇట్టాగే ఉంటది" అన్నారు బావగారు. "వైరస్ అయి ఉంటది సార్" అన్నాడు ప్రిన్సిపాల్. బావగారు తానా అంటే తందానా అనడమే ఆయన చదివిన చదువు.  రాత్రికి పిల్ల మా ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, పళ్ళెం పక్కనే వైర్ల బొమ్మ గీస్తూ ఉండిపోయింది. 

మర్నాడు నేనూ దానితో వెళ్ళాను. ఒక్కొక్క వైరూ మార్చింది. ప్రోగ్రాం తుడిచేసి మళ్ళీ ఎక్కించింది. చివరికి అన్నీ ఆపి, ఖాళీ క్యాబిన్‌ను కదలకుండా ఉంచి తెర మీద అంకె చూసింది. "పిన్నీ, లోపల ఎవరూ లేకపోయినా ఒరిగానంటోంది" అంది. సెన్సర్ పాడైందేమో అన్నాను. ఇంకోటి పెడితే అదీ అదే అంకె చూపించింది. అబద్ధాలాడే వాళ్ళు ఇద్దరుంటే రెండు అబద్ధాలుండాలి గానీ ఒకటే ఎలా అవుతుంది? పిల్ల అలా చూస్తూ చూస్తూ మూలనున్న పూజ నిమ్మకాయను తీసి మధ్యలో పెట్టింది. అది తాపీగా దొర్లి మళ్ళీ అదే మూలకు పోయింది. అంతే, పిల్ల కిందికి దిగి కార్పెట్ ఎత్తింది. స్టాండుకు నైరుతి వైపు కాళ్ళ కింద నాపరాయి పలకలు. నైరుతి ఎత్తుగా, ఈశాన్యం పల్లంగా ఉండాలని సిద్ధాంతిగారు మేస్త్రీని పిలిపించి పెట్టించారట. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, వాళ్ళు నౌకను ఒరగబెట్టి పిల్లను తిడుతున్నారు.

ఇద్దరం బావగారి గదికి వెళ్ళాం, పిల్ల రాళ్ళు తీయించమంది. "రాళ్ళు తీసేదేంది? ఆ కంప్యూటర్‌కే చెప్పు, ఇట్టా ఉండటమే సమం అని" అన్నారు బావగారు. "అవునమ్మా, చిన్న అడ్జస్ట్‌మెంటేగా" అన్నాడు ప్రిన్సిపాల్.

"చెప్పొచ్చు సార్, చెపితే వింటది కూడా" అంది పిల్ల. "రేపు ఎవరన్నా ఆ రాళ్ళు కదిపితే రెండో పక్కకి పడుద్ది. ఒరుగుడు చెప్పటానికి పెట్టినదానికి అబద్ధం నేర్పితే ఇంక అదెందుకు?"

నాకు ఒళ్ళు మండింది. "బావగారూ, ఈశాన్యం పల్లమైతే లక్ష్మి వస్తుందేమో గానీ చంద్రుడు రాడండీ" అన్నాను. "నువ్వు ఊరుకోమ్మా" అని ఆయన పిల్ల వైపు తిరిగి, చేతగాకపోతే అల్లుడు చేస్తాడన్నారు. పిల్ల ల్యాబు తాళాలు ఆయన బల్ల మీద పెట్టి వచ్చేసింది.

తనిఖీ రోజున చుట్టాలం కాబట్టి నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. బావగారు శాలువా, దండలతో స్వయంగా నౌక ఎక్కారు. నౌక బయలుదేరింది, ఈసారి రెండో పక్కకు ఒరిగింది, ఇంకా ఒరిగింది. తెర మీద చంద్రుడు అడ్డంగా తిరిగాడు, ఎర్రక్షరాలు వెలిగాయి, మోటార్లు క్యాబిన్‌ను ఒక కుదుపు కుదిపితే ఒక దండ ముందుగా బయటికొచ్చింది. వెనకాల బావగారు వచ్చారు. తర్వాత తెలిసింది. అల్లుడు ఎవరికీ చెప్పకుండా ముందు రోజే కంప్యూటర్‌కు ఆ ఒరుగుడే సమమని చెప్పేశాడు. ప్రిన్సిపాల్ పిల్ల మాటలకు లోలోపల భయపడి తెల్లవారుజామునే రాళ్ళు లాగించేశాడు. ఇద్దరూ కలిసి ఒకే తప్పును రెండుసార్లు దిద్దారు. ఆ కాలేజీలో ఒకరి పని ఒకరికి చెప్పుకునే అలవాటుంటే కదా.

రెండు రోజులకు ప్రిన్సిపాల్ బత్తాయిల సంచీతో మా ఇంటికొచ్చాడు. ఉద్యోగం పర్మినెంట్ చేస్తారట, వచ్చి సరిచెయ్యాలట. పిల్ల ఆయనకు మంచినీళ్ళిచ్చి, "వస్తాను సార్. ఆ హాల్లో ఏది సమమో ముందు మీ ముగ్గురూ కూర్చుని తేల్చుకోండి. తేలినాక కబురు చేయండి" అంది. ఆ కబురు ఇప్పటికీ రాలేదు.

పిల్ల ఇప్పుడు విజయపురి సౌత్‌లో ఉంటోంది. డ్యామ్ గోడ వెంట్రుకవాసి ఒరిగినా చెప్పే మీటర్లు చూసే పని. జీతం గొప్పదేమీ కాదు. కానీ అక్కడ ఆ అంకెను అడ్జస్ట్ చెయ్యమని ఎవరూ అడగరు, గోడ అవతల కృష్ణ నిలబడి ఉంటుంది. నేను బస్టాండులో నిలబడింది దాని దగ్గరికి వెళ్ళడానికే.

బస్సొచ్చింది. ఎక్కి కిటికీలోంచి ఫ్లెక్సీని ఇంకోసారి చూశాను. ఫోటోలో క్యాబిన్ ఒక పక్కకు ఒరిగే ఉంది, రాళ్ళు మళ్ళీ పెట్టించినట్టున్నారు. పెట్టించుకోనీ. కాలానికి ఏ సిద్ధాంతీ మూల చూపించలేడు. అది ఆ నిమ్మకాయలాగే తాపీగా, పల్లం నిజంగా ఎటుందో అటే దొర్లుకుంటూ పోతుంది.