నల్లపెట్టెకు ఆమెన్

మా షాపుకు రెండు గదులు. ముందరిది సూళ్లూరుపేట స్టేషన్ రోడ్డు వైపు ఉంటుంది. చెన్నై రైలు దిగినవాళ్ళ కన్ను మొదట పడేది దాని మీదే. వెనకది సందులోకి తెరుచుకుంటుంది, చేపల బండ్లు ఆపుకునేది అక్కడే. మామగారు పోయాక మా ఆయనా, బావగారూ వేరుపడదామనుకున్నప్పుడు తగువంతా ఆ ముందరి గది కోసమే. అది దక్కినవాడు బతుకుతాడు. దక్కనివాడు బతుకుతున్నట్టు కనిపిస్తాడు.

షాపు అత్తగారి పేరున ఉంది కాబట్టి తీర్పు ఆవిడదే. ఇప్పుడు పిల్లలంతా ఫోన్లలోనే ఆడుకుంటున్నారు గానీ, అప్పట్లో టీవీకి తగిలించుకునే వీడియో గేమ్ పెట్టెలు రెండు రకాలు అమ్మేవాళ్ళం. నల్లపెట్టె బావగారు తెచ్చేవారు. తెల్లపెట్టె నేను పట్టుబట్టి తెప్పించాను. టీవీలూ మిక్సీలూ అందరం కలిసే అమ్మేవాళ్ళం, ఎవరి చేతి మీద ఎన్ని పోయాయో వాటితో తేలదు. "క్రిస్మస్ లోపల ఎవరి పెట్టె ఎక్కువ పోతే ముందరి గది వాళ్ళది" అని అత్తగారు చెప్పేసింది.

పొద్దున షట్టర్ ఎత్తగానే బావగారు ఫోన్లో ప్రపంచ లెక్కలు తీసేవారు.

"చూడమ్మా, లోకమంతా నల్లదే కొంటా ఉండారు. నీ తెల్లదాన్ని అడిగే దిక్కు లేదు."

"లోకమొచ్చి మన సూళ్లూరుపేటలో కొంటుందా బావగారూ?" అన్నాను.

ఆయన నవ్వారు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది, ఇప్పటికీ మండుతుంది.

మా ఊళ్ళో ఎవరూ మంచి పెట్టె కొనరు. పక్కింటివాళ్ళు కొన్న పెట్టె కొంటారు. ఆట డిస్కులు ఒకరికొకరు మార్చుకోవాలి కదా! వీధిలో మొదటి పెట్టె ఎవరిదైతే వీధంతా వాళ్ళదే. బావగారు మా చర్చి వీధులు పట్టుకున్నారు. అక్కడ ఆయన సంఘ పెద్ద, ఎవరూ కాదనరు. నేను రాకెట్ కేంద్రం ఉద్యోగుల క్వార్టర్సూ, లోపలి ఊళ్ళలో వరి రైతుల ఇళ్ళూ పట్టుకున్నాను. మా ఆయన బండి తోలితే వెనక పెట్టె ఒళ్ళో పెట్టుకుని పోయి, వాళ్ళ టీవీకి నేనే వైర్లు తగిలించి, పిల్లల చేతిలో కావాలని ఓడిపోయి, కాఫీ తాగి వచ్చేదాన్ని. డిసెంబరు వచ్చేసరికి నావే ఎక్కువ పోయాయి. తేడా అంతా ఇంతా కాదు. ఆ సంగతి మా ఆయనకు తెలుసు, బావగారికీ తెలుసు. ఆయన ఫోన్ చూపించడం కూడా మానేశారు.

అత్తగారికి మాత్రం బిల్లులంటే నమ్మకం లేదు. మా వాళ్ళలో కొత్త వస్తువు ఇంటికొస్తే పాస్టరు అయ్యగారిని పిలిచి కృతజ్ఞత కూడిక పెట్టుకుంటారు. బండి అయినా ఫ్రిజ్ అయినా సరే, పాట పాడి ప్రార్థన చేశాకే వాడుకోవడం. అత్తగారు ఒక్క కూడికా మానదు. ఆ డిసెంబరంతా వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ బల్ల మీద ఏ రంగు పెట్టె ఉందో చూసి వచ్చింది. అదే ఆవిడ లెక్క.

క్రిస్మస్ ముందు ఆదివారం అందరం భోజనాలకు కూర్చున్నప్పుడు చెప్పింది.

"నేను చూసినయ్యన్నీ నల్లయ్యే. తెల్లది ఒక్క ఇంట్లో కూడా అగపళ్ళా. ముందరి గది పెద్దోడిది."

నేను ముద్ద కంచంలోనే వదిలేశాను. "అత్తా, నా దగ్గర కొన్నోళ్ళు కూడికలు పెట్టుకోరు. పసుపూ కుంకుమా పెట్టుకొని వాడుకుంటారు. నాతో రా, ఇల్లిల్లూ తిప్పి చూపిస్తా."

"నేను చూడంది ఉండాదని ఎట్టా చెప్పేదిమే? బిల్లు మనిషి రాస్తాడు. కూడిక దేవుడి ముందర జరిగింది."

మా ఆయన వైపు చూశాను. నాతో ఇల్లిల్లూ తిరిగిన మనిషి. చేపల పులుసులో ముల్లు ఏరుకుంటూ తల దించుకున్నాడు. "అమ్మ మాట దాటలేం గదమ్మా" అన్నారు బావగారు, ఎంతో బాధపడుతున్నట్టు. పాలు తాగేటప్పుడు పిల్లి కూడా కళ్ళు మూసుకుంటుంది. ఆయన నా మొహంలోకి చూస్తూనే తాగారు.

గదికి వచ్చాక మా ఆయన్ని అడిగాను, ఒక్క మాట చెప్పలేకపోయావా అని. "పోనీలేమే, ఎవరికి పోయింది? మా అన్నకే గదా" అన్నాడు.

కొత్త సంవత్సరంలో ముందరి గదికి బావగారి బోర్డు ఎక్కింది. దానికీ ఒక కృతజ్ఞత కూడిక. సందు వైపు వెనక గది గుమ్మంలో నిలబడి నేనూ పాట పాడాను. పాడకపోతే మొహం మాడ్చుకుందంటారు. అత్తగారు లేచి సాక్ష్యం చెప్పింది.

"దేవుడు న్యాయం తప్పనియ్యలా. ఎవరెంత అమ్మినారో ఆయనే నా కళ్ళకు చూపించినాడు."

"ఆమెన్" అన్నారు అందరూ. అందులో ఒక గొంతు మిగతావాటికంటే గట్టిగా వినిపించింది. బావగారిది కాదు. ఎవరిదో తిరిగి చూడనక్కర్లేకపోయింది. రోజూ నా పక్కన పడుకుని ప్రార్థన చేసుకునే గొంతే.