పోనియ్యాకు

టెన్నిస్ డబుల్స్ ఆటలో బంతి కంటే ముందు మాట చేరాలి. ఇద్దరి మధ్యకు వచ్చిన బంతిని ఎవరు కొట్టాలో, గీత దాటేదాన్ని ఎవరు వదిలెయ్యాలో అరిచి చెప్పుకోవాలి. మిగతా జోడీలు ఇంగ్లీషులో అరుచుకునేవాళ్ళు. మాకు మా మాటలే చాలనుకున్నాం. కొట్టమంటే ‘ఆడు’, బయట పడేదైతే ‘పోనీ’. ఈ రెండు మాటల మీదే ఆరేళ్ళు ఆడాం, నేనూ, పుత్తూరు నుంచి వచ్చే నా జోడీ.

వాళ్ళ నాయన పుత్తూరులో విరిగిన ఎముకలకు కట్టు కట్టేవాడు. ఆమె తెల్లవారుజామున మొదటి బస్సు పట్టుకుని తిరుపతికి వచ్చేది. భుజాన రాకెట్టు చూసి కండక్టరు రోజూ ఒకే మాట అనేవాడంట: “ఏం పాపా, దోమల బ్యాటా? మా ఇంట్లో గూడా ఒకటి ఉండాది.” ఆమె రోజూ నవ్వేదంట. నేనైతే రెండో రోజే ఆయన మీద విరుచుకుపడేదాన్ని. నా కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉండేది. ఆమె యాస అంటే నాకు ఎగతాళి కూడా. మా ఇంట్లో మాత్రం ఏం మాట్లాడేవాళ్ళం? అదే. కాన్వెంటులో చదివానన్న టెక్కు, అంతకు మించి ఏమీ లేదు.

ఆరో ఏడు మా తిరుపతిలో ఆడవాళ్ళ ప్రొఫెషనల్ టోర్నమెంటు పెట్టారు. ఊరి పిల్లలని చెప్పి డబుల్స్‌లో మా ఇద్దరికీ నేరుగా చోటిచ్చారు. నాకది సరదా. ఆమెకు కాదు. వాళ్ళ నాయన ముందే చెప్పేశాడు: “ఒక్క ఆటన్నా గెల్సు మ్మా, నేనేమీ అనను, ఇంకా ఆడుకో. లేకుంటే నర్సింగులో సేరిపో.” ఆయన చెడ్డవాడేం కాదు. నా మడమ బెణికినప్పుడు గుడ్డసంచిలో ఆకు పసరు, వెదురు బద్దలు పెట్టుకుని బస్సెక్కి వచ్చి కట్టు కట్టినవాడే. కూతురి బతుకు గురించి ఆయన భయం ఆయనది.

మా మీద ఆడింది బయటి రాష్ట్రాల పిల్లలు, మాకంటే పెద్దవాళ్ళు. మొదటి సెట్టు వాళ్ళు గెలిచారు, రెండోది మేం లాక్కున్నాం. ఆఖరి టైబ్రేకులో ఒక్కో పాయింటుకూ నా ప్రాణం పోయి వచ్చింది. చివరికి వాళ్ళు మ్యాచ్ పాయింటు మీద ఉన్నారు, ఇంకొక్కటి వస్తే ఆట వాళ్ళదే. నేను నెట్టు దగ్గర, ఆమె వెనకాల. అవతలి పిల్ల బంతిని నా తల మీదుగా ఎత్తి వేసింది. నేను తిరిగి పరిగెత్తాను. అందేలాగే ఉంది. గీత ఆమెకే కనిపిస్తోంది. “పోనియ్యాకు!” అని అరిచింది.

‘ఆడు’ అనాలి. ఆరేళ్ళుగా అదే అంటోంది. ఆ ఒక్క క్షణం భయంలో, వదలొద్దని చెప్పే ఇంటి మాట వచ్చేసింది. నా చెవిన పడింది ‘పోని’ వరకే. రాకెట్టు దించేశాను. మిగతా మాట వచ్చేసరికి బంతి గీత మీద పడి లేచింది.

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, నేను ఆమె మీద పడ్డాను. అంతమందిలో, అంపైరు కుర్చీ దిగకముందే. “ఆడు అనేదానికి నోరు రాలేదా? నీ పల్లెటూరి నోటితో ముంచేసినావు గదే!” అన్నాను. కోర్టు చుట్టూ కట్టిన వల అవతల వాళ్ళ నాయన మజ్జిగ సీసాతో నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. ఆమె రాకెట్టు పిడికి చుట్టిన బట్ట విప్పి, మడిచి, సంచిలో పెట్టుకుంది. “పోయొస్తా మే” అంది. నేను మొహం తిప్పుకున్నాను. మళ్ళీ ఎన్నడూ ఆమె కోర్టుకు రాలేదు.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. తీసుకోవాలని ప్రయత్నించానా అంటే అదీ లేదు. ఆమె నర్సయింది. తిరుపతిలోనే, మా ఇంటికి రెండు స్టాపుల దూరంలో ఉన్న ఆసుపత్రిలో. పదకొండేళ్ళు. ఒకసారి బస్టాండులో ఎదురుపడబోతే నేనే అరటిపళ్ళ బండి వెనక్కు తప్పుకున్నాను. సిగ్గు. దానికి కోపం అని పేరు పెట్టుకుని తిరిగాను.

పోయిన ఏడు వాళ్ళ నాయన ఫోను చేశాడు. “పాపా, నిన్ను అడగతా ఉండాది. ఒగసారి రామ్మా” అన్నాడు. ఆమెకు కడుపులో గడ్డ. తెలిసేసరికే ముదిరిపోయిందట.

ఆమె పనిచేసిన ఆసుపత్రిలోనే మంచం వేశారు. మధ్యాహ్నం వెళ్ళాను. కుడి చేతికి సెలైను. ఎడమ చెయ్యి దుప్పటి మీద. సర్వీసుకు బంతి ఎగరేసిన చెయ్యి అది, నాకు బాగా గుర్తు. ఇప్పుడు పుల్లలా ఉంది. పట్టుకున్నాను. ఏడుపు ఆగలేదు.

“ఆ పొద్దు తప్పు నాది మే. మాట అయిపోయేదాకా నేను ఇనలేదు.”

“ఇంకా అదే ఎత్తుకోనుండావా?” అని నవ్వింది. “పోన్లే మే. దోమల బ్యాటు ఆటకి ఎంత ఏడుపు!”

పదకొండేళ్ళు నేను మోసినదాన్ని అంత తేలిగ్గా దించేసింది. కాసేపు మామూలు మాటలు చెప్పుకున్నాం. కండక్టరు రిటైరయ్యాడట. పలకరించేవాళ్ళ సమయం అయిపోయిందని నర్సు వచ్చి చెప్పింది. లేచాను. ఆమె వేళ్ళు వదల్లేదు. నవ్వంతా పోయింది. పెదవులు కదిలాయి.

“పోని...” అంది.

పొమ్మంటోందనుకున్నాను. కానీ ఈసారి కదల్లేదు. ఒంగి, ఆమె నోటి దగ్గర చెవి పెట్టి, మాట పూర్తయ్యేదాకా ఆగాను.

“పోనియ్యాకు మే. నన్ను పోనియ్యాకు. బయమేస్తా ఉండాది.”

“ఈడే ఉండాను మే, యాడికీ పోను” అన్నాను. నర్సు తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది. మంచం అంచున కూర్చుని ఆ చెయ్యి రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను. ఈసారి మాట మొత్తం విన్నాను. విని ఏం చెయ్యగలిగాను? నాలుగో రోజు పొద్దున, నేను పట్టుకుని ఉండగానే, పోయింది.